మనం కట్టే చీర, వాళ్ళు కట్టే చీర

ఆగస్టు 7 దగ్గర పడుతోందంటే మా కాలేజీలో ఒక సర్క్యులర్ వస్తుంది. జాతీయ చేనేత దినోత్సవం కాబట్టి ఆ రోజు అందరూ చేనేత బట్టలు కట్టుకుని రావాలని. ‘అందరూ’ అని రాస్తారు గానీ దానర్థం ఆడవాళ్ళు అని. మగ లెక్చరర్లలో ఒకరిద్దరు ఖద్దరు చొక్కా వేసుకొస్తారు. మిగిలినవాళ్ళు మామూలు ప్యాంటూ షర్టుల్లో వచ్చి ఫొటోలో వెనక వరసలో నిలబడతారు. ముందు వరస ఎప్పుడూ మాదే. దేశానికి ఏ గుర్తు తగిలించాలన్నా ముందు ఆడవాళ్ళ ఒంటికే తగిలిస్తారు కదా!

మూడేళ్ళ కిందట ఆ రోజుకని నేను ధర్మవరం పట్టుచీర కొన్నాను. పసుపు రంగు మీద ఎర్ర అంచు. మా అమ్మ పుట్టిల్లు తాడిమర్రి. అక్కడివాళ్ళకు పెళ్ళి బట్టలన్నా, ఆస్పత్రన్నా, రైలన్నా ధర్మవరమే. అందుకని ఆ రోజు సభలో “ఇది మా ఊరి చీర” అని చెప్పుకున్నాను. రోజువారీ ఖర్చులో మన దగ్గరివాళ్ళు చేసినవే ఎంచుకుని కొనాలనీ, అది చిన్న పనే అయినా రాజకీయమైన పనేననీ పది నిమిషాలు మాట్లాడాను కూడా. చప్పట్లు బాగానే పడ్డాయి.

దసరా సెలవుల్లో అదే చీర కట్టుకుని ధర్మవరంలో చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నమ్మ అంటే అమ్మకు పెదనాన్న కూతురు. తాడిమర్రిలో చేను ఎండిపోయి, ముప్పై ఏళ్ళ కిందట కుటుంబమంతా ధర్మవరం వచ్చి మగ్గం పనిలో పడ్డారు. నన్ను చూడగానే దగ్గరికి పిలిచి కొంగు చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పింది. అంచును వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది. నేసేటప్పుడు బట్ట బిగువుగా ఉండడానికి రెండు అంచుల్లోనూ సూదులు గుచ్చుతారట. ఆ సన్నటి గుర్తుల కోసం వెతుకుతోందని నాకు తర్వాత తెలిసింది.

“ఇది మగ్గం చీర కాదు పాపా, మిషన్‌ది. ఎంత పెట్టినావు?”

చెప్పాను. నవ్వింది. “అంగట్లో వాళ్ళు చెప్పర్లే” అంది.

నా దగ్గర సాక్ష్యం ఉందనుకుని, చీరకు సిల్క్ మార్క్ చీటీ ఉందని వాదించాను. ఇంటికొచ్చాక చదువుకుంటే తెలిసింది. 2004లో కేంద్ర పట్టు మండలి తెచ్చిన ఆ గుర్తు అది నిజమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసిందా, మరమగ్గం మీద నేసిందా అన్నది దానికి పట్టదు. దానికోసం 2006లో వేరే చేనేత గుర్తు వచ్చింది. డాక్టరేట్ చేసిన నాకు ఆ తేడా తెలియదు. నాలుగో తరగతిలో బడి మానేసిన చిన్నమ్మ వేళ్ళకు తెలుసు.

అయితే ఆ రోజు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నా అజ్ఞానం కాదు. నా చీర నకిలీదని తేల్చిన చిన్నమ్మ ఒంటి మీద ఉన్నది సూరత్ నుంచి వచ్చిన పాలియెస్టర్ చీర. ఆ వీధిలో కండెలు చుడుతున్న ఆడవాళ్ళందరి ఒంటి మీదా అవే.

నా పరిశోధన జాతీయోద్యమ కాలపు స్త్రీల పత్రికల మీద. కాబట్టి ‘ఏది కొనాలి’ అన్న ప్రశ్న స్త్రీల నెత్తిన ఎప్పుడు, ఎలా వచ్చి కూర్చుందో నాకు కొంత తెలుసు. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలు సభలో విదేశీ వస్తు బహిష్కారానికి పిలుపునిచ్చారు. 2015 నుంచి మనం చేనేత దినోత్సవం జరుపుకుంటున్నది ఆ తేదీనే. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి కోస్తా ఊళ్ళలో ఉపన్యాసాలిచ్చాక ఆ గాలి తెలుగు నేల మీదికీ వీచింది. బయట రాజకీయాలు మగవాళ్ళవి, ఇంట్లోకొచ్చే గుడ్డా గాజూ పంచదారా ఆడవాళ్ళవి. బహిష్కారం గెలవాలంటే వంటింట్లో గెలవాలి. అప్పటిదాకా ఆడవాళ్ళ అభిప్రాయంతో పని లేనివాళ్ళకు ఒక్కసారిగా వాళ్ళ అవసరం కనిపించింది.

ఆ సందర్భాన్ని ఠాగూర్ ‘ఘరే బైరే’ (1916)లో చూపించినంత నిర్దయగా మరెవరూ చూపలేదని నా అభిప్రాయం. అందులో విమల విదేశీ బట్టలు తగలబెట్టాలని ఉవ్విళ్ళూరుతుంది. ఆమె భర్త నిఖిలేశ్ ఉద్యమం రాకముందు నుంచే నాటు కలం, కంచు చెంబు, ఆముదం దీపం వాడుతూ వచ్చినవాడు. అప్పుడు భార్యకు అవి నామోషీ. అదే మనిషి, తన సంతలో విదేశీ బట్టను బలవంతంగా ఆపడానికి మాత్రం ఒప్పుకోడు. చవక గుడ్డ మోసుకెళ్ళి అమ్ముకునే పంచు లాంటి పేదవాడి సరుకు తగలబెడితే ఆ నష్టం ఎవరిది అని అడుగుతాడు. పరీక్షల కోసం ఈ నవల చదివినప్పుడు విమల గురించి పేజీలు పేజీలు రాశాను. పంచు గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మన దగ్గర 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పటి కథ చాలామందికి తెలిసిందే. పన్నెండేళ్ళ దుర్గాబాయి దేవదాసీల కోసం, ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా సభ పెట్టించి, అయిదు వేల రూపాయలు పోగుచేసి, తన చేతి బంగారు గాజులు కూడా ఇచ్చేసింది. ఇంటికెళ్ళి విదేశీ బట్టలు తగలబెట్టింది. రెండేళ్ళ తర్వాత కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. ఈ రెండో ముచ్చటే అందరూ చెప్పుకుంటారు. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం. ఖద్దరు సభకు ఏ స్త్రీలను పిలవాలని ఆ పిల్ల అనుకుందో చూడండి. సంసార స్త్రీలను కాదు, సంసార స్త్రీలు పక్కన కూర్చోబెట్టుకోని స్త్రీలను.

1930 ఏప్రిల్‌లో గాంధీ ‘యంగ్ ఇండియా’లో స్త్రీలకు రెండు పనులు ప్రత్యేకంగా అప్పజెప్పాడు. విదేశీ బట్టల దుకాణాల ముందు, కల్లు సారాయి దుకాణాల ముందు పికెటింగ్. రెండూ దుకాణాలే. కొనొద్దని చెప్పడమే రెండు చోట్లా పని. కానీ రెండూ ఒకటి కావు. సారాయి దుకాణంలో ఖర్చయ్యేది భర్త చేతిలోని డబ్బు. బట్టల దుకాణంలో ఖర్చయ్యేది, కనీసం పేరుకైనా, ఆమె ఎంపిక. మొదటిచోట ఆమెకు దెబ్బలు తప్పుతాయి, పిల్లలకు కూడు దొరుకుతుంది. రెండోచోట బరువైన ముతక చీర దొరుకుతుంది. తెలుగు నేల మీద అరవై రెండేళ్ళ తర్వాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మళ్ళీ లేచింది ఏ దుకాణం మీదికో మనకు తెలుసు. సారాయి దుకాణం కూడా ఊరిదే, స్థానిక వ్యాపారమే!

ఇక్కడ ‘గృహలక్ష్మి’ గురించి ఒక మాట. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి మొదలుపెట్టిన ఈ పత్రికలోనే కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ వచ్చాయి. ఆ పత్రికకు వెన్నెముక కేసరి గారి ‘లోధ్ర’, స్త్రీల కోసం ఆయన తయారుచేసిన ఆయుర్వేద మందు. నెలసరి నొప్పికో నీరసానికో లోధ్ర సీసా కొన్న ప్రతి స్త్రీ తనకు తెలియకుండానే ఒక స్త్రీ రచయితను అచ్చు వేయించింది. కొనుగోలు రాజకీయాల గురించి ఇంత చక్కని ఉదాహరణ నా సిద్ధాంత గ్రంథంలో ఫుట్‌నోట్‌గా మాత్రమే మిగిలిపోయింది.

ఖద్దరు చరిత్రలో మనం సరిగా పట్టించుకోని సంవత్సరం 1935. అప్పటికి అఖిల భారత చరఖా సంఘం పుట్టి పదేళ్ళు. ఖద్దరు ధర తగ్గించాలి, మిల్లు బట్టతో పోటీ పడాలి అని ఆ పదేళ్ళూ ప్రయత్నించారు. తగ్గిన ధర ఎవరి ఒంట్లోంచి పిండారో లెక్క చూస్తే, వడికే స్త్రీల కూలిలోంచి. రోజంతా రాట్నం తిప్పినా అణాల్లోనే. గాంధీ అప్పుడు ఎదురుతిరిగాడు. ఎనిమిది గంటల వడకడానికి ఎనిమిది అణాలు ఇవ్వాలన్నాడు. ధర పెరిగి అమ్మకం పడిపోయినా సరేనన్నాడు. సంఘం అంత దూరం పోలేదు గానీ, బతకడానికి సరిపడే కూలి అన్న సూత్రాన్ని ఒప్పుకుంది. ముప్పై ఏళ్ళ స్వదేశీ తర్వాత, కొనేవాళ్ళ త్యాగం నుంచి చేసేవాళ్ళ కూలి వైపు చూపు తిరిగిందన్నమాట. మా కాలేజీ సర్క్యులర్ ఇంకా 1905లోనే ఉంది.

ఇక తాడిమర్రి. మా జేజి జీవితమంతా స్థానికంగానే కొంది. అది ఆదర్శం కాదు, ఇంకో దారి లేదు. అంగడి ఒకటే. జేజి పేరు మీద అక్కడ అప్పు పద్దు ఉండేది. ఉప్పు, బెల్లం, దీపానికి కిరసనాయిలు, పండక్కి చక్కెర అన్నీ పద్దులో పడేవి. శనక్కాయలు ఇంటికొచ్చాక తీర్చాలి. అనంతపురం జిల్లాలో (ఇప్పుడు తాడిమర్రి 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది) శనక్కాయలు ప్రతి ఏడూ ఇంటికి రావు. వాన తప్పిన ఏడు కూడా అంగడాయన సరుకు ఇచ్చాడు. “ఆయప్ప లేకపోతే మేం సచ్చిందుము” అనేది జేజి. అదే నోటితో “ఆయప్ప తూకం ఎప్పుడూ మనపక్క వంగింది లేదు” అని కూడా అనేది. ఏ సూపర్ మార్కెట్టూ కరువులో అప్పు ఇవ్వదు. నిజమే. ఆ అప్పుకు వడ్డీ ఎంతో జేజికి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదన్నదీ నిజమే.

అమ్మ చెప్పిన ఇంకో సంగతి. దళితవాడ ఆడవాళ్ళు ఆ అంగడి మెట్టెక్కేవాళ్ళు కాదు. కింద నిలబడి కొంగు చాపితే, పైనుంచి పోసేవాళ్ళు. డబ్బులు మెట్టు మీద పెట్టి పక్కకు జరగాలి. అమ్మకు అప్పట్లో అది వింతగా కూడా అనిపించలేదట. ఇప్పుడు ధర్మవరంలో ఏసీ మార్ట్‌లో ట్రాలీ తోసుకుంటూ, తనకు కావలసిన షాంపూ తానే అరలోంచి తీసుకునే ఆ వాడ మనవరాలికి, “అమ్మా, ఊళ్ళో చిన్న అంగడిని ఆదుకో” అని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పల్లెను చూసి ముచ్చటపడొద్దని అంబేద్కర్ రాజ్యాంగ సభలో చెప్పిన మాట మన ‘లోకల్’ ప్రేమికులు ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ మార్ట్‌లో బిల్లు కొట్టే పిల్లలకు కూర్చునే స్టూలు కూడా ఉండదన్నది వేరే సంగతి. అదీ మాట్లాడాల్సిందే.

ఈ ప్రాంతంలో ఇంకో రకం ప్రయత్నం జరిగింది, జరుగుతోంది. ధర్మవరం నుంచి పెనుకొండ వైపు వెళ్ళే దారిలో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. అక్కడి ఆడవాళ్ళు నెలనెలా కొంత పొదుపు చేసి సొంత సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం కింద అవి నిలదొక్కుకుని మహాశక్తి సమాఖ్యగా ఏర్పడ్డాయి. 2008లో రైతుల కోసం ధరణి అన్న సంఘం వచ్చింది. రసాయనాలు లేకుండా పండించిన కొర్రలు, సామలు, శనక్కాయలు రైతుల దగ్గర కొని, శుభ్రం చేసి, పొట్లాలు కట్టి అమ్ముతుంది. జేజి అంగడి పద్దుకూ ఈ పొదుపు పుస్తకానికీ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అప్పు రెండుచోట్లా దగ్గరివాళ్ళే ఇస్తున్నారు. వడ్డీ ఎంతో రెండోచోట ఆమెకు తెలుసు. అది తేల్చింది ఆమే.

అయినా ఆ కొర్రల పొట్లాలు నేను చూసింది హైదరాబాద్ దుకాణంలో. ఈ నేల మీద తరాలుగా పండిన కొర్రలు మా అమ్మ తరానికే పళ్ళెంలోంచి జారిపోయాయి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యమూ, చేలన్నిటినీ ఆక్రమించిన శనక్కాయా కలిసి ఆ పని చేశాయి. ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను. దాన్ని వండుకుని తిన్న ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. చిరుధాన్యాలు ఇప్పుడు నాలాంటి జీతగత్తెల షుగర్ భయం మీద బతుకుతున్నాయి.

మళ్ళీ పట్టు దగ్గరికి. ‘స్థానికం’ అన్న మాట ఈ జిల్లాలోనే ఎలా రెండుగా చీలుతుందో చూడండి. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది. ఆ చుట్టుపక్కల, మడకశిర, పెనుకొండ వైపు మల్బరీ తోటలున్నాయి. పురుగులకు ఆకు కోసి, తరిగి, రాత్రిళ్ళు లేచి మేత వేసే పనిలో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్ళదే. వాళ్ళకు గూళ్ళ ధర పెరగాలి. ధర్మవరంలో నేసేవాళ్ళకు పట్టు ధర తగ్గాలి. 2003లో చైనా ముడిపట్టు మీద డంపింగ్ వ్యతిరేక సుంకం వేస్తే తోటలవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. 2011 బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించితే గూళ్ళ రైతులు రోడ్డెక్కారు. 2013లో దాన్ని 15 శాతానికి పెంచారు. ప్రతిసారీ ఒక ఊరి ఊరట పక్క ఊరి దిగులు. లేపాక్షి పైకప్పు చిత్రాల్లోంచి అంచుల నమూనాలు దిగాయని చెప్పుకుని మురిసిపోతాం. ఆ అంచు పట్టు హిందూపురానిదో, రామనగరానిదో, చైనాదో నా చీర నాకు చెప్పదు.

చేనేతకు చట్టం లేక కాదు. 1985లో కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. మొదట 22 రకాలు, తర్వాత 11కు తగ్గాయి. ‘ధర్మవరం చేనేత పట్టుచీరలు, పావడాలు’ అన్న పేరుతో భౌగోళిక గుర్తింపూ ఉంది. అన్నీ ఉన్నాయి, నాకు మాత్రం మిషన్ చీరే దొరికింది. ధర్మవరంలో నేతగాళ్ళ ఆత్మహత్యలు గత ఇరవై ఏళ్ళుగా పేపర్లలో లోపలి పేజీ వార్త. ఆ వార్తలన్నిటికీ చివరి వాక్యం ఒకటే: ‘అతనికి భార్య, పిల్లలు ఉన్నారు.’ ఆమె కూడా ఆ మగ్గం మీద పనిచేసిందని రాసినవాళ్ళను నేను చూడలేదు.

చిన్నమ్మ పొద్దున అయిదింటికి లేస్తుంది. పట్టు చిక్కులు తీసి రాట్నం మీద కండెలు చుడుతుంది. పడుగు అయిపోతే పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతికే పనిలో కూర్చుంటుంది. వేల పోగులు. మధ్యలో వంట, నీళ్ళు, మనవడి బడి. చీర దిగాక సిల్కు షాపాయన చీరకు ఇంత అని కూలి ఇస్తాడు. ఆ కూలి చిన్నాయన పేరున వస్తుంది. అందులో కండెల కూలి ఎంత అని అడిగాను.

“కండెలకు వేరే కూలేంది? అది ఇంటి పనే కదా.”

దేశంలో 2019–20 చేనేత గణన ప్రకారం ఈ రంగంలో 35 లక్షల పైచిలుకు మంది ఉంటే, నేసేవాళ్ళలో 72 శాతం స్త్రీలు. ఈశాన్య రాష్ట్రాల స్త్రీల వల్ల ఆ అంకె అంత పెద్దదయింది. అక్కడ మగ్గం ఆడవాళ్ళదే. ధర్మవరం లాంటి చోట మగ్గం గుంతలో ఎక్కువగా మగవాళ్ళు కూర్చుంటారు, గుంత చుట్టూ ఆడవాళ్ళు పనిచేస్తారు. 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ముఖ్యమంత్రి ‘నేతన్న నేస్తం’ ప్రారంభించారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు. 2023 దాకా అయిదు విడతలు ఇచ్చారు. పథకం పేరులోనే నేతన్న ఉన్నాడు. నేతక్క లేదు. కూలి మగ్గం మీద నేసే చిన్నాయనకు అదీ రాలేదు.

సరే, దుకాణం వద్దు, నీ దగ్గరే ఒక చీర కొంటాను చిన్నమ్మా అన్నాను. నా మనసులో ఉన్న లెక్క తేలికైంది. మధ్యవాళ్ళు లేకుండా డబ్బు నేరుగా ఆ చేతిలో పెడితే, స్థానికంగా కొనడమంటే అంతకన్నా ఏముంటుంది?

“మా మగ్గం మీద ఉండే చీర మాది కాదు పాపా. పట్టు షాపోళ్ళది, జరీ షాపోళ్ళది. మాకు వాళ్ళ బాకీ ఉంది. తెలిస్తే రేపు పడుగు ఇయ్యరు.”

సొంత మగ్గం ఉన్న ఎదురింటివాళ్ళ దగ్గర అడిగి చూస్తానంది. ఆ చీర దిగడానికి ఇంకా పది రోజులు పడుతుంది. నాకు సెలవులు నాలుగు రోజులే. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటానని అడ్వాన్స్ ఇచ్చాను. ఆ అడ్వాన్స్ ఎవరి చేతికి ఇవ్వాలన్న దగ్గర చిన్న తటపటాయింపు జరిగింది. ఎదురింటామె చెయ్యి చాపబోయి ఆగి, “ఆయన రానీ” అంది. నేను ఆమెకే ఇచ్చాను. సరిగ్గా లెక్కపెట్టుకుని జాకెట్టులో పెట్టుకుంది. సాయంత్రం ఆ డబ్బు ఎవరి దగ్గర ఉందో నేను అడగలేదు.

నేను బయల్దేరుతుంటే చిన్నమ్మ బస్టాండు దాకా వచ్చింది. బస్సు ఎక్కాక కిటికీ దగ్గరికొచ్చి, కొంచెం మొహమాటపడుతూ అడిగింది.

“హైదరాబాద్‌లో సూరత్ చీరలు శానా రకాలు దొరుకుతాయంట కదా. వచ్చేటప్పుడు రెండు తేరాదూ? ఆరబెడితే గంటలో ఆరిపోయేవి. మూడొందలు దాటకుండా చూడు.”